ప్రాతో, కోమో, బియెల్లా: ఇటలీలో బట్టల ఊరు చూడాలంటే ఎటు వెళ్లాలి?

ముందే చెప్పేస్తాను. చేతిలో ఒక్క రోజే ఉండి, బట్ట మీద ఒక ఊరు ఎలా బతుకుతుందో చూడాలని ఉంటే ప్రాతో. అమ్మానాన్నలో పిల్లలో వెంట ఉండి, సరస్సు, పడవ, ఫోటోలు కూడా కావాలంటే కోమో. సూట్ గుడ్డ మీద మోజు ఉండి, కారు అద్దెకు తీసుకోవడానికి కూడా సిద్ధమైతేనే బియెల్లా. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపి రైలు టైములు చూసుకోవచ్చు.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ, మన సిరిసిల్లకీ ధర్మవరానికీ ఎంత తేడా ఉందో వీటి మధ్యా అంత తేడా ఉంది. కోమోది పట్టు. బియెల్లాది కొత్త ఉన్ని, అందులోనూ సన్న రకం. ప్రాతోది ఎక్కువగా పాత ఉన్ని. అంటే వాడి పడేసిన కోట్లు, స్వెటర్లు చింపి, పీచు చేసి, మళ్లీ దారం తీసి నేసిన బట్ట. ఈ మూడో రకం చూడటానికి విమానం ఎక్కి అంత దూరం వెళ్లాలా అనిపించవచ్చు. నాకైతే మూడింటిలోకీ అదే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

ఊరు ఎంచుకునే ముందు ఇంకో లెక్క ఉంది. రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు? ఫ్లోరెన్స్‌లో బస అయితే ప్రాతో దాదాపు పక్క వీధే. దూరం 20 కిలోమీటర్లలోపు, లోకల్ రైల్లో అరగంట కూడా పట్టదు. మిలాన్‌లో ఉంటే కోమో సులువు. సెంట్రల్ స్టేషన్ నుంచి కోమో సాన్ జొవాన్నికి 40 నిమిషాల చుట్టుపక్కల, కాదోర్నా స్టేషన్ నుంచైతే సరస్సు ఒడ్డునే దిగే రైలుకి గంట. తూరిన్‌లో చదువుకుంటున్న మన పిల్లల దగ్గరికి వెళ్తే బియెల్లా గంట, గంటన్నర. నేరుగా వెళ్లే రైలు దొరక్కపోతే సాంతియాలో మారాలి. మిలాన్‌లో బస పెట్టుకుని ఒక్క రోజులో ప్రాతో చూసి వచ్చేద్దామనుకుంటే మాత్రం, ఫ్లోరెన్స్ దాకా వెళ్లి రైలు మారి తిరిగి రావడంలోనే ఓపిక అయిపోతుంది. అలాంటప్పుడు కోమోకే వెళ్లండి.

ప్రాతో: పేలికల నుంచి కోట్ల దాకా

ప్రాతోలో పెద్ద స్టేషన్‌లో దిగొద్దు. లూకా, పిస్తోయా వైపు వెళ్లే రైలెక్కి పోర్తా అల్ సెరాలియో అనే చిన్న స్టేషన్‌లో దిగితే, అయిదు నిమిషాల నడకలో ఊరి ప్రధాన చర్చి వస్తుంది. పచ్చ, తెలుపు చారల రాతి గోడకి ఒక మూల, బయటి వైపు, గొడుగు కింద గుండ్రటి వేదిక ఒకటి వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. దొనాతెల్లో, మికెలొత్సో కలిసి 1428 నుంచి 1438 దాకా చేసిన వేదిక అది. అసలు శిల్పాలు పక్కనున్న మ్యూజియంలో ఉన్నాయి, బయటివి నకళ్లు. ఆ వేదిక ఎందుకంటే, మేరీమాతదని నమ్మే నడికట్టును జనానికి చూపించడానికి. ఏడాదికి అయిదు రోజులే బయటికి తీస్తారు: ఈస్టర్, మే 1, ఆగస్టు 15, సెప్టెంబర్ 8, క్రిస్మస్. బట్టల ఊళ్లో అందరూ తలెత్తి దండం పెట్టుకునేది కూడా ఒక బట్టముక్కకే. లోపల ఫిలిప్పో లిప్పి వేసిన కుడ్యచిత్రాల్లో, బైబిల్ కథలోని హేరోదు రాజు విందులో సలోమి నాట్యం చేస్తుంటుంది. ఆ గౌను అంచులు గాల్లో ఎలా తేలుతున్నాయో చూడండి, బట్ట గురించి తెలిసినవాళ్ల మధ్య ఉండి వేసిన బొమ్మ అని తెలిసిపోతుంది. లిప్పి సన్యాసి. ఇదే ఊళ్లో ఒక సన్యాసినిని ప్రేమించి తీసుకుపోయాడు, వాళ్ల కొడుకు కూడా గొప్ప చిత్రకారుడయ్యాడు. ఆ కథ మొదలుపెడితే బట్టల సంగతి వెనకబడిపోతుంది.

ఇక్కడికి వచ్చింది మ్యూజియో దెల్ తెస్సూతో కోసం, అంటే బట్టల మ్యూజియం. 1975లో ఊళ్లోని జౌళి పాఠశాలలో మొదలైంది. 2003 నుంచి కోటగోడల లోపలే ఉన్న కాంపోల్మి అనే 19వ శతాబ్దపు ఫ్యాక్టరీలో ఉంది. ఎర్ర ఇటుకల పొగగొట్టం ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది, పక్క భాగంలో ఊరి లైబ్రరీ పెట్టారు. ఒకప్పుడు ఆవిరి, రంగు వాసన నిండిన చోట పిల్లలు లాప్‌టాప్‌లు పెట్టుకుని పరీక్షలకు చదువుకుంటూ కనిపిస్తారు.

పాత ఉన్ని పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. బేళ్లుగా కట్టిన పాత బట్టలు వస్తాయి. ఏరేవాళ్లను చెంచాయోలీ అంటారు, మన మాటలో పేలికలవాళ్లు. ఒక కోటు చేతిలోకి తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి, ఇందులో ఉన్ని పాలు ఎంత, ఏ రకం ఉన్ని అని చెప్పేసేవాళ్లు. లోపలి లైనింగ్, గుండీలు, జిప్పు కోసేసి పక్కన పడేస్తారు. తర్వాత రంగుల వారీగా వేరు చేస్తారు. ఎరుపు అంటే ఒక్క ఎరుపు కుప్ప పెడితే సరిపోదు, ఇటుక ఎరుపు, వంకాయ వైపు మొగ్గే ఎరుపు, ఇలా ఛాయకో కుప్ప. కిటుకంతా ఇక్కడే ఉంది. రంగు వేరుగా ఏరితే దారానికి మళ్లీ రంగు వేయాల్సిన పని తప్పుతుంది. ఆ మేరకు నీళ్లు, రసాయనాలు, డబ్బు మిగులుతాయి.

కుట్లలో నూలు దారం మిగిలిపోతుంది కదా. దానికో ఉపాయం ఉంది. యాసిడ్ పట్టించి వేడి చేస్తే నూలు మాడి పొడైపోతుంది, ఉన్ని మాత్రం తట్టుకుని నిలబడుతుంది. దులిపేస్తే సరి. ఆ తర్వాత పళ్ల యంత్రంలో వేసి చింపి పీచు చేస్తారు, దువ్వుతారు, వడుకుతారు. చింపిన పీచు పొట్టిగా ఉంటుంది కాబట్టి దారం కాస్త బొద్దుగా, నూగుగా వస్తుంది. సన్నటి సూట్‌కి అది పనికిరాదు. చలికోట్లకీ, దుప్పట్లకీ, శాలువాలకీ బాగుంటుంది. 19వ శతాబ్దం నుంచి ఈ ఊరు దీని మీదే పెరిగింది. ఇప్పుడు ప్రపంచమంతా రీసైక్లింగ్ అని మాట్లాడుతుంటే ప్రాతోవాళ్లు దాన్ని గొప్పగా చెప్పుకుంటున్నారు. ఒకప్పుడు మాత్రం ఇది గుట్టుగా చేసే చవక పని. మన దేశంలో పానిపట్‌దీ ఇదే కథ, విదేశాల పాత స్వెటర్లు అక్కడ దుప్పట్లవుతాయి.

మ్యూజియం నుంచి పదినిమిషాల నడకలో దాతీని ఇల్లు. ఫ్రాంచెస్కో ది మార్కో దాతీని ఈ ఊరి వర్తకుడు. 1348 ప్లేగులో తల్లిదండ్రులు పోయారు. కుర్రతనంలోనే ఇప్పటి ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ వెళ్లి వ్యాపారం నేర్చి, డబ్బు చేసుకుని 1383లో తిరిగొచ్చాడు. ఇంగ్లండ్, స్పెయిన్ నుంచి ఉన్ని తెప్పించి ఇక్కడ నేయించి అమ్మేవాడు. మనవాళ్లు కొత్త ఖాతా పుస్తకం మీద పసుపు రాసి శ్రీకారం చుట్టినట్టు, ఈయన పద్దుల మొదట్లో "దేవుడి పేరిట, లాభం పేరిట" అని రాయించేవాడు. 1410లో పోతూ ఆస్తిలో చాలాభాగం ఊరి పేదలకి రాసేశాడు. ఆయన కాగితాలు మెట్ల కింద గూట్లో మూలపడి, 1870లో గానీ వెలుగులోకి రాలేదు. లక్షన్నర ఉత్తరాలు, 500కు పైగా లెక్కల పుస్తకాలు! బేళ్లు ఎప్పుడు బయల్దేరాయి, ఎవరు బాకీ, భార్య మార్గెరీతాతో ఇంటి గొడవలు, అన్నీ అందులో ఉన్నాయి. మధ్యయుగపు వ్యాపారం గురించి ఇంత వివరంగా తెలిసిందంటే ఆ మెట్ల గూడు పుణ్యమే.

కోటగోడ పడమటి వైపు దాటితే వయా పిస్తోయేజే. బోర్డులన్నీ చైనీస్‌లో ఉంటాయి. 1990ల నుంచి, ఎక్కువగా చైనాలోని వెన్‌ఝౌ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ రెడీమేడ్ కుట్టు వ్యాపారాన్ని పెంచారు. యూరప్‌లోని పెద్ద చైనీయుల కాలనీల్లో ఇది ఒకటి. 2013 డిసెంబర్ 1న ఇలాంటి ఒక వర్క్‌షాప్‌లో మంటలు లేచి, అందులోనే పడుకుంటున్న కార్మికులు ఏడుగురు చనిపోయారు. "మేడ్ ఇన్ ఇటలీ" లేబుల్ వెనక ఎవరి చేతులున్నాయో తెలియాలంటే ఈ వీధిలోనూ ఓసారి నడవాలి. మధ్యాహ్నం భోజనం కూడా ఇక్కడే కానివ్వొచ్చు, నూడుల్స్ చవక. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు కాబట్టి మనవాళ్ల నాలుకకి ఈ వీధే మేలు.

ప్రాతోలో లోటు కూడా చెప్పాలి. ఊరు దాదాపు రెండు లక్షల జనం ఉన్న పని ఊరు. పాత ఊరు దాటితే షెడ్లు, లారీలు, గోడౌన్లు. ఫ్లోరెన్స్ అందం ఇక్కడ ఆశించి వస్తే మొహం వేలాడేసుకుని వెళ్తారు. నడుస్తున్న ఫ్యాక్టరీలోకి వెళ్లి చూస్తామంటే మామూలుగా రానివ్వరు. మగ్గం చప్పుడు వినాలన్న కోరిక మ్యూజియంతోనే తీర్చుకోవాలి.

కోమో: పట్టు ఉంది, సరస్సు వెనకాల

కోమోకి వెళ్లే నూరుమందిలో పట్టు మ్యూజియానికి వెళ్లేది ఏ నలుగురో అయిదుగురో అనుకుంటాను, ఇది నా అంచనా మాత్రమే. సరస్సు అంత బాగుంటే ఎవరినని ఏం లాభం! పైగా ఆ మ్యూజియం ఒడ్డు నుంచి పావుగంట, ఇరవై నిమిషాలు లోపలికి నడవాలి. 1868లో పెట్టిన పట్టు పాఠశాల ఆవరణలో ఉంటుంది, 1990లో తెరిచారు. వెళ్లినవాళ్లు మాత్రం నిరాశపడరు. పురుగుల పెంపకం తట్టల దగ్గర మొదలై, దారం పేనే గుండ్రటి పెద్ద చెక్క యంత్రం, మగ్గాలు, రంగుల ప్రయోగశాల, అచ్చు పరికరాలు, ఇలా పని జరిగే వరసలోనే పెట్టారు. చదవకపోయినా చూస్తూ పోతే అర్థమవుతుంది. పిల్లలకి ప్రాతో మ్యూజియం కంటే ఇదే నచ్చుతుంది.

కోమో అసలు బలం అచ్చు అద్దకం. పొడవాటి బల్ల మీద తెల్ల పట్టు పరిచి, జల్లెడలాంటి చట్రం పెట్టి, రంగు పోసి లాగుతారు. ఒక్కో రంగుకి ఒక్కో చట్రం. పెడన కలంకారీలో రంగుకో చెక్క దిమ్మె ఉంటుంది కదా, లెక్క అదే. మంచి స్కార్ఫ్‌కి ఇలా డజన్ల కొద్దీ చట్రాలు పడతాయి. ఒక్కటి వెంట్రుకవాసి పక్కకి జరిగినా పువ్వు రేకు అంచు దాటి రంగు కారినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువ పని డిజిటల్ ప్రింటర్ల మీదే జరుగుతోంది.

పురుగులు, మల్బరీ తోటలు ఇక్కడ ఎప్పుడో పోయాయి. ముడి పట్టు ఎక్కువగా చైనా నుంచే వస్తుంది, కోమో దాన్ని నేసి, రంగులద్ది, అచ్చువేసి పంపుతుంది. ఆ లెక్కన హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టూ, ధర్మవరం మగ్గాలూ ఒకే జిల్లాలో ఉన్న మనవాళ్లకి ఉన్న గొలుసు వీళ్లకి లేదు. శ్రీ సత్యసాయి జిల్లా నుంచి వెళ్లినవాళ్లు ఆ పురుగుల తట్టల ముందు నిలబడి పక్కవాళ్లకి పాఠం చెప్పేయగలరు.

మిగతా రోజుకి కోమోలో లోటు లేదు. 1894 నాటి తాడు రైల్లో బ్రునాతే కొండెక్కండి, 1396లో మొదలుపెట్టిన చర్చి చూడండి, బ్యాటరీ కనిపెట్టిన వోల్టా పుట్టిన ఊరు కాబట్టి ఒడ్డున ఆయన పేరిట కట్టిన మ్యూజియం చూడండి. బెల్లాజియోకి మామూలు పడవలో రెండు గంటలు పడుతుంది. పట్టు మ్యూజియం, బెల్లాజియో రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండూ సగం సగం అవుతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడవ క్యూ చూస్తేనే టెన్షన్ వస్తుంది.

బియెల్లా: గుడ్డ పిచ్చి ఉన్నవాళ్లకి

ఆల్ప్స్ పాదాల దగ్గర 40 వేల పైచిలుకు జనమున్న చిన్న ఊరు. ఖరీదైన సూట్ల లోపల కుట్టే లేబుళ్ల మీది పేర్లు చాలావరకు ఈ చుట్టుపక్కల లోయల్లోవే. జెన్యా 1910లో త్రివేరోలో మొదలైంది, రెదా 1865 నాటిది. వితాలే బార్బెరిస్ కనోనికో వాళ్ల లెక్క 1663 దాకా వెనక్కి పోతుంది. ఇక్కడే ఎందుకంటే నీళ్లు. కొండల నుంచి దిగే చెర్వో నది నీటిలో లవణాలు తక్కువ. తేటనీటిలో సబ్బు బాగా నురగొస్తుందని మన ఇళ్లలో తెలిసిందే, ఉన్ని ఉతకడానికి, రంగు పట్టించడానికి కూడా అదే సూత్రం. ఉన్ని మాత్రం ఇప్పుడు ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. 2019లో యునెస్కో ఈ ఊరిని సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది.

చిక్కేంటంటే చూడాల్సినవన్నీ చెదురుమదురుగా ఉన్నాయి. ఊళ్లో నది పక్క పాత ఉన్ని మిల్లులో చితాదెల్లార్తే అనే కళాకేంద్రం ఉంది. దాన్ని పెట్టిన మికెలాంజెలో పిస్తొలెత్తో 1933లో ఇక్కడే పుట్టాడు. పేలికల కుప్ప ముందు వీనస్ విగ్రహాన్ని నిలబెట్టిన శిల్పం ఆయనదే. ప్రాతో చూసి వచ్చినవాళ్లకి ఆ కుప్ప ఇంకోలా కనిపిస్తుంది. ప్రాయ్ అనే ఊళ్లో "చక్రం ఫ్యాక్టరీ" ఉంది. నది దగ్గర పుట్టిన శక్తిని ఇనుప తాళ్లతో పెద్ద చక్రానికి, అక్కడి నుంచి అంతస్తులకి అందించిన పాత మిల్లు. బాగుంటుంది గానీ ఎక్కువగా వేసవి ఆదివారాల్లోనే తెరుస్తారు, సైట్ చూసుకోకుండా బయల్దేరొద్దు. బస్సులు నమ్ముకుంటే రోజులో ఒక్క చోటే అవుతుంది. కారుంటే దీంతోపాటు నల్ల మేరీమాత కొలువున్న ఒరోపా కొండ క్షేత్రం, జెన్యా కుటుంబం అయిదు లక్షల చెట్లు నాటించిన కొండ రోడ్డు కూడా ఒక రోజులో చుట్టి రావచ్చు.

తిండి విషయంలో మనకి బియెల్లాయే దగ్గర. పొలెంతా కొంచా అడగండి. మక్క గటకలో వెన్న, చీజ్ ఇంతింత వేసి కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. సగం ప్లేటుకే కడుపు నిండిపోతుంది.

కొనడం సంగతి

కోమో ఒడ్డున ఒక దుకాణంలో అమ్మకి అని స్కార్ఫ్ కొన్నాను. మెరుపు బాగుంది, కోమో పట్టు అన్నాడు. గదికి వచ్చి కుట్టు దగ్గర చిన్న లేబుల్ తిప్పి చూస్తే పోలియెస్తెరె అని ఉంది. తప్పు నాదే, లేబుల్ తిప్పడానికి మొహమాటపడ్డాను. మీరు పడొద్దు. "సేతా" అంటే పట్టు, "లానా" అంటే ఉన్ని, "కొతోనె" అంటే నూలు. "లానా రిజెనెరాతా" అని ఉంటే పాత ఉన్ని నుంచి తీసింది. పట్టు స్కార్ఫ్‌కి అంచు చేత్తో చుట్టి కుట్టి ఉంటే కుట్లు కాస్త ఎడంగా, అంచు బొద్దుగా ఉంటుంది. అలా ఉన్నది నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి.

"స్పాచ్చో" అని బోర్డు కనిపిస్తే అది మిల్లువాళ్ల సొంత అమ్మకం దుకాణం. బియెల్లా చుట్టూ ఇవి చాలా ఉన్నాయి. అక్కడ కుట్టిన సూట్ కంటే సూట్ పీస్ కొనమంటాను. ఒకటిన్నర మీటర్ల పన్నా గుడ్డ మూడు నుంచి మూడున్నర మీటర్లు తెచ్చుకుంటే మన ఊళ్లో మంచి టైలర్ దగ్గర కోటూ ప్యాంటూ అయిపోతాయి. ఇటలీ కుట్టుకూలితో పోలిస్తే మిగిలే డబ్బు చిన్నదేం కాదు. "స్కాంపొలీ" అంటే కట్ పీసులు, నడుము కోటుకో దిండు గలీబులకో బాగుంటాయి. పెళ్లి సూట్ కోసమైతే బియెల్లా, బహుమతులకైతే కోమో. ప్రాతోలో కొనాలంటే ఉన్ని దుప్పటో శాలువానో చూడండి.

ఇండియా నుంచి టూరిస్టుగా వెళ్తే, ఒకే దుకాణంలో ఒకే బిల్లు 70 యూరోలు దాటినప్పుడు పన్ను వాపసుకి కాగితం అడగండి. పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి, ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగ్ చెక్‌ఇన్ చేసే ముందే కస్టమ్స్ వాళ్ల ఆమోదం తీసుకోవాలి. అక్కడే చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఉంటున్నవాళ్లకి ఇది వర్తించదు.

ఎప్పుడు వెళ్లాలంటే, ఆగస్టు నడిమి వారాలు వదిలేయండి. 15వ తేదీ పండుగ చుట్టూ మిల్లులు, చిన్న దుకాణాలు మూసేసి అందరూ సముద్రానికి పోతారు. ఆ రోజు నడికట్టు చూడాలన్న పట్టుదల ఉంటే ప్రాతో ఒక్కటే మినహాయింపు. సోమవారాలు మ్యూజియాలు మూసి ఉండటం మామూలే. రైలుకి కాగితం టికెట్ తీసుకుంటే ప్లాట్‌ఫారం దగ్గర చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోండి. మర్చిపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు.

మిలాన్, ఫ్లోరెన్స్ రెండూ కాకుండా నేపుల్స్ వైపు వెళ్తుంటే సాన్ లేవుచో పేరు రాసి పెట్టుకోండి. కసెర్తా రాజమహల్ దగ్గర బోర్బన్ రాజు ఫెర్దినాందో పెట్టిన పట్టు కాలనీ. 1789లో ఆ కాలనీకి రాసిన నియమాల్లో పిల్లలకి చదువు తప్పనిసరి, కట్నాలు రద్దు అని ఉంది. పోలికకి నేను దాన్ని తీసుకోలేదు, అక్కడికి వెళ్లేవాళ్లు ఎలాగూ కసెర్తా కోసమే వెళ్తారు.

ప్రాతో నుంచి తిరిగి వచ్చేటప్పుడు వయా రికాసోలీలో మత్తెయ్ బేకరీ ఉంది, 1858 నుంచీ అక్కడే. నీలం సంచిలో బాదం బిస్కెట్లు ఇస్తారు. గుడ్డు ఉంటుంది, తిననివాళ్లు చూసుకోండి. రాయిలా గట్టిగా ఉన్నాయని కంగారుపడొద్దు. అక్కడివాళ్లు తియ్య వైన్‌లో ముంచుకుని తింటారు, మా ఇంట్లో అల్లం టీలో ముంచి ఒక్క సాయంత్రంలో సంచీ ఖాళీ చేశారు.